తొలి పాటకు వినేవాళ్ళు కావాలి

గిటార్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఏడాది తిరగకముందే దాన్ని మూలన పెడతారు. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు, గిటార్లు అమ్ముకునేవాళ్ళే చెప్పిన మాట. ఫెండర్ కంపెనీ అధిపతిగా ఉన్నప్పుడు ఆండీ మూనీ ఈ లెక్క బయటపెట్టారు. తమ గిటార్లలో దాదాపు 45 శాతం కొత్తగా నేర్చుకునేవాళ్ళే కొంటున్నారనీ, వాళ్ళలో నూటికి 90 మంది మొదటి ఏడాదిలోనే, చాలామంది మొదటి మూడు నెలల్లోనే, వాయించడం మానేస్తున్నారనీ ఆయన అన్నారు. 2017లో ఆ కంపెనీ ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టడానికి ఇదే కారణం. మన ఇళ్ళలో అటకెక్కిన గిటార్లను చూసినవారికి ఈ మాట నమ్మడం కష్టం కాదు. పిల్లవాడు పట్టుబడితే నాలుగైదు వేలు పోసి కొంటాం. రెండు నెలలు టింగుటింగుమంటుంది. ఆ తర్వాత పరీక్షలు, ఆ తర్వాత ఎండాకాలం, ఆ తర్వాత దుమ్ము. బద్ధకమనీ, ఫోన్ పిచ్చి అనీ, నిలకడ లేదనీ పిల్లవాడి మీద నేరం మోపి ఊరుకుంటాం. నా వాదన వేరు. చాలామంది మానేస్తున్నది సాధన చాలక కాదు, సాధన చేసినదాన్ని వినేవాళ్ళు లేక. గిటార్ పట్టిన మొదటి రెండు మూడు నెలల్లోనే, ఎంత చిన్నదైనా సరే, ఒక పాటను మొదలు నుంచి చివరి దాకా నలుగురి ముందు వాయించాలి. ఆ నలుగురినీ, ఆ చోటునూ సమకూర్చడం పెద్దల పని.

తలుపు మూసుకుని చేసే సాధనలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. కొత్తగా నేర్చుకునేవాడికి ముందుగా చెప్పేవి జి, సి, డి కార్డులు, అంటే కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే వేళ్ళ అమరికలు. జి నుంచి సికి మారాలంటే మూడు వేళ్ళు ఒక్కసారిగా లేచి మూడు కొత్త చోట్ల దిగాలి. ఈలోగా కుడిచెయ్యి తాళం తప్పకుండా తీగల మీద ఆడుతూనే ఉండాలి. పైన గొంతు పల్లవి పాడాలి. మొదటి వారాల్లో ఎడమచెయ్యి ఆలస్యమవుతుంది, దాని కోసం కుడిచెయ్యి ఆగిపోతుంది, పాట తెగిపోతుంది. ఒంటరిగా ఉన్నవాడు ఏం చేస్తాడు? మళ్ళీ పల్లవికి వెళతాడు. మళ్ళీ అక్కడే తెగుతుంది. మళ్ళీ మొదటికి వస్తాడు. కొన్ని వారాలకు పల్లవి నున్నబడుతుంది, చరణం మొహం కూడా చూసి ఉండడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: తప్పు దొర్లగానే ఆగిపోవడమనే అలవాటును అతడు రోజూ, శ్రద్ధగా, సాధన చేస్తున్నాడు. చేతులకు పట్టుబడేది మనం పదే పదే చేసేదే. ఆగడాన్ని పదే పదే చేస్తే ఆగడమే పట్టుబడుతుంది. ఎదుట ఒక మనిషి కూర్చుని వింటున్నప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. తప్పు పడినా తాళం పట్టుకుని ముందుకు పోవాలి. కార్డ్ అందకపోతే ఆ ఒక్క మాత్ర వదిలేసి తర్వాతి చోట అందుకోవాలి. నిజానికి వాద్యకారుడి విద్యలో సగం ఇదే. నాలుగ్గోడల మధ్య ఎన్ని గంటలు కూర్చున్నా రాని విద్య ఇది.

సాధన అక్కర్లేదని దీని అర్థం కాదు. రోజూ పావుగంట చేసినా చాలు, కానీ రోజూ చేయాలి. ఆదివారం పూట ఏకబిగిన రెండు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. దీనికి ఆధారమూ ఉంది. నిద్ర మీద పరిశోధన చేసే మాథ్యూ వాకర్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగంలో, వేళ్ళతో ఒక వరుసను నొక్కడం నేర్చుకున్నవాళ్ళు ఒక రాత్రి నిద్రపోయి లేచాక, కొత్తగా ఏ సాధనా చేయకుండానే, సుమారు 20 శాతం వేగంగా నొక్కగలిగారు. చేతి పనిని మెదడు నిద్రలో కుదురు చేసుకుంటుంది. కనుక పాఠానికీ పాఠానికీ మధ్య ఒక రాత్రి ఉండటం సాధనలో భాగమే. అయితే ఎంత కుదురుగా సాధన చేసినా, అది ఎటు పోతున్నదో తెలియాలి. ‘వచ్చే శనివారం అత్తయ్య వాళ్ళు వచ్చినప్పుడు ఈ పాట’ అని ఒక తేదీ ఉన్నప్పుడు, చరణం వైపు చూడక తప్పదు.

ఈ విషయంలో మనం బెంగాల్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. మన దగ్గర చాలామంది పిల్లల చేతికి మొదటగా వచ్చే గివ్‌సన్, హాబ్నర్ గిటార్లు కోల్‌కతా బ్రాండ్లే. ఆ నగరానికి గిటార్‌తో బంధుత్వం ఈనాటిది కాదు. హవాయి దీవుల నుంచి వచ్చిన టౌ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి, గ్రాండ్ హోటల్‌లో వాయించి, స్థానికులకు నేర్పింది. అదే కాలంలో కలకత్తా ఆంగ్లో ఇండియన్ గార్నీ నిస్ తన అలోహా బాయ్స్ బృందంతో రికార్డులు ఇచ్చాడు. ఎదుట అడ్డంగా పెట్టుకుని, ఇనుప కడ్డీని తీగల మీద జార్చి వాయించే ఆ హవాయి గిటార్‌ను బెంగాలీలు హోటళ్ళలో వదిలేయలేదు. మధ్యతరగతి ఇళ్ళలోకి తెచ్చుకున్నారు. కవి నజ్రుల్ ఇస్లాం కొడుకు కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ వంటివారు పాటల వరుసలను దాని మీద పలికించారు. రవీంద్ర సంగీతాన్ని గిటార్ మీద వాయించడం ఒక ఇంటి విద్య అయింది. ఎందుకు అంత త్వరగా ఒదిగిపోయింది? కడ్డీ జార్చితే గమకం వస్తుంది, అది ఒక కారణం. రెండో కారణం నా వాదనకు ముఖ్యమైనది. అక్కడ వినేవాళ్ళకు పాట ముందే వచ్చు. మాటలు లేకుండా వరుస మాత్రమే వాయించినా, వింటున్న పక్కింటి పెద్దావిడ పెదవుల మీద మాటలు ఆడతాయి. వాయించేది పిల్ల అయినా, స్వరం కాస్త తడబడినా, వినేవాళ్ళు పాటను పూరించుకుంటారు. బెంగాలీ వైశాఖం 25న రవీంద్ర జయంతికి ప్రతి పాడాలోనూ, అంటే పేటలోనూ, ఒక చిన్న వేదిక వేస్తారు. దాని మీద ఆరితేరినవాళ్ళతో పాటు నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్లలూ పాడతారు, వాయిస్తారు. ఎవరూ నవ్వరు. పిల్లల పాట ఇలాగే ఉంటుందని వేదిక ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 1992లో ‘తొమాకే చాయ్’ ఆల్బమ్‌తో గాయకుడు కబీర్ సుమన్ ఒక మనిషి, ఒక గిటార్, ఒక గొంతు చాలని చూపించినప్పుడు, ఆ ధోరణి బెంగాలీ కుర్రకారులో అంత వేగంగా వ్యాపించడానికి ఇలాంటి వేదికలు, చనువుగా వినే చెవులు అప్పటికే ఉండటం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ బెంగాల్‌లోనే ఉన్న మన తెలుగు పిల్లల సంగతి చూడాలంటే, హౌరా దాటగానే వచ్చే మొదటి స్టేషన్ లిలువాను తీసుకోండి. 1900 నుంచి అక్కడ రైలు పెట్టెల వర్క్‌షాప్ ఉంది. దాని చుట్టూ క్వార్టర్లు, అన్ని రాష్ట్రాల కుటుంబాలు. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి రైల్వేలోకీ జనపనార మిల్లుల్లోకీ పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు హుగ్లీ తీరం పొడవునా తరాలుగా ఉన్నారు. ఖరగ్‌పూర్‌లో ఎంతమంది ఉన్నారంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఇలాంటి రైల్వే కాలనీలో గిటార్ పట్టిన తెలుగు పిల్లవాడికి రెండు లోకాల తలుపులు తెరిచి ఉంటాయి. బడిలో, పాడాలో బెంగాలీ, హిందీ పాట. ఇంట్లో, వినాయక చవితి పందిట్లో తెలుగు పాట. అయితే చాలా తెలుగు సంఘాల కార్యక్రమాల్లో ఈ రెండో తలుపు సగమే తెరుచుకుంటుంది. ఉగాదికి ఆరితేరిన గాయకుణ్ణి పిలిపిస్తారు, లేదా కరోకే పెడతారు. రెండు కార్డులతో తడుముకుంటూ పాడే పదమూడేళ్ళ పిల్లకు పది నిమిషాలు ఇవ్వడానికి మొహమాటపడతారు. పుట్టిన ఊరికి దూరంగా పెరిగే పిల్లకు తన భాషలో ఒక పాటను తన చేతులతో వాయించి, తనవాళ్ళకు వినిపించడం ఎంత పెద్ద విషయమో ఆ సంఘాల పెద్దలు గుర్తించాలి.

మనకు ఇది పరాయి ఆచారం అనుకోనక్కర్లేదు. ‘ముందు పునాది, తర్వాతే పాట’ అని వాదించేవారు కర్ణాటక సంగీత పాఠక్రమాన్ని చూపిస్తారు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అయ్యాక గాని గీతం రాదు కదా అంటారు. నిజమే, కానీ ఆ క్రమం కట్టిన పెద్దలే అలంకారాలు కాగానే, వర్ణాలూ కృతులూ ఇంకా ఎంతో దూరాన ఉండగానే, చిన్న చిన్న పిళ్ళారి గీతాలు పెట్టారు. పిల్లవాడి నోటికి త్వరగా ఒక పాట ఇవ్వాలని వాళ్ళకు తెలుసు. త్యాగరాజ ఆరాధనను చూడండి. పంచరత్న కీర్తనల గోష్ఠిగానంలో మహా విద్వాంసుల వెనక వరుసల్లో నేర్చుకుంటున్నవాళ్ళూ కూర్చుని గొంతు కలుపుతారు. వచ్చిన చోట పాడతారు, రాని చోట వింటారు, మళ్ళీ అందుకుంటారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడలో మొదటి కచేరీ చేసింది త్యాగరాజ ఆరాధన ఉత్సవంలోనే. అది అసాధారణ ప్రతిభ, దాన్ని అందరికీ కొలతగా పెట్టకూడదు. కానీ ఒకటి గమనించాలి. అతని గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు వాయించేవాడు. అంటే ప్రతి పాఠమూ చెవులప్పగించి వినే ఒక మనిషి ఎదుటే సాగింది. ఇక గిటార్ విషయానికే వస్తే, తెలుగు నేల మీద కొత్తగా నేర్చుకునేవాడికి వారం వారం వేదిక దొరికే చోటు ఒకటుంది: చర్చి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు, క్రిస్మస్ పాటలకు గిటార్ పట్టే కుర్రవాడు పదిమంది గొంతుల మధ్య వాయిస్తాడు. అతని తప్పు ఆ గొంతుల్లో కలిసిపోతుంది, పాట ఆగదు, వాడూ ఆగడు. సినిమా పాటలకు గిటార్ వాయించే స్థాయికి చేరినవాళ్ళలో ఎందరో అలాంటి చోట మొదలైనవాళ్ళే. మిగతా సమాజం తన పిల్లల కోసం ఇలాంటి చోటును నిర్మించుకోలేదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. జనం ముందు నిలబెడితే కొత్తవాడు ఇంకా చెడగొడతాడు, బెదిరిపోతాడు, ఆ అవమానంతోనే మానేస్తాడు అంటారు. మనస్తత్వ శాస్త్రం ఈ భయాన్ని కొట్టిపారేయదు. 1965లో రాబర్ట్ జాయెన్స్ అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించి ఒక సూత్రం చెప్పాడు. బాగా పట్టుబడిన పని ఇతరుల సమక్షంలో మెరుగవుతుంది, ఇంకా పట్టుబడని పని చెడిపోతుంది. 1969లో ఆయన బృందం బొద్దింకలతో కూడా ఇదే చూపించింది. చుట్టూ వేరే బొద్దింకలు ఉన్నప్పుడు తిన్నని దారిలో అవి వేగంగా పరుగెత్తాయి, మలుపులున్న దారిలో మందగించాయి. నేను ఈ సూత్రాన్ని ఒప్పుకుంటాను, నా వాదనకు వ్యతిరేకమని మాత్రం అనుకోను. ఇది చెప్పేది ‘వినిపించవద్దు’ అని కాదు, ‘తిన్నని దారి ఎంచుకో’ అని. సమస్యంతా పాట ఎంపికలో ఉంది. మన పిల్లలు తొలి పాటగా ఎంచుకునేవి చూస్తే భయం వేస్తుంది. ఇళయరాజా పాటలో గిటార్ పలికే చోటు విని మురిసిపోయి అదే కావాలంటారు. ఇళయరాజా స్వయంగా పాశ్చాత్య శాస్త్రీయ గిటార్ నేర్చి, లండన్ ట్రినిటీ కాలేజ్ పరీక్షలు దాటినవాడు. ఆయన రాసింది ఏళ్ళ తరబడి మెదిలిన వేళ్ళ కోసం. ‘హ్యాపీ డేస్’ (2007) వచ్చినప్పటి నుంచి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడి వాయించే మిక్కీ జె. మేయర్ పాటలు కూడా రికార్డులో ఉన్న శ్రుతిలోనే వాయించాలని పట్టుబడితే కష్టమే. చూపుడు వేలితో ఆరు తీగలనూ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ దగ్గర వేలమంది ఆగిపోతారు. తొలి పాటకు రెండు కార్డులు, మహా అయితే మూడు చాలు. నెమ్మదైన నడక కావాలి. భజన పాటో, జానపదమో, బడి ప్రార్థన గీతమో, అందరికీ వచ్చిన పాట అయితే మరీ మంచిది. సినిమా పాటే కావాలంటే గిటార్ మెడకు బిగించే కేపో పెట్టి పిల్ల గొంతుకు సరిపోయే శ్రుతికి మార్చాలి. వినేవాళ్ళు ఐదారుగురు చాలు, అందరూ తెలిసినవాళ్ళే కావాలి. ఐదొందల మంది ఉన్న ఆడిటోరియంలో పెట్టి సభాకంపం తెప్పించమని నేను అనడం లేదు.

ఇంకో అభ్యంతరం గురువుల నుంచి వస్తుంది. పాట తొందరలో కూర్చునే తీరు, వేలు పెట్టే తీరు తప్పుగా పాతుకుపోతాయని. ఇందులో సత్యం ఉంది. అయితే ఆ తప్పులు పాట వల్ల రావు, గురువు కంటి ముందు పాట వాయించకపోవడం వల్ల పాతుకుపోతాయి. చాలా తప్పులకు మూలం పిల్లవాడిలో కాదు, వాద్యంలోనే ఉంటుంది. చవక గిటార్లలో తీగలు మెడ మీది లోహపు మెట్లయిన ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉండాల్సిన చోట నాలుగు ఉంటే, ఎంత బలంగా నొక్కినా స్వరం పలకదు, వేలికొసలు కోసుకుపోతాయి. హౌరా లాంటి చోట వానాకాలం తేమకు చెక్క ఉబ్బి ఆ ఎత్తు ఇంకా పెరుగుతుంది, తీగలు తుప్పు పడతాయి. వాద్యాలు బాగుచేసేవాడి దగ్గరకు తీసుకెళ్ళి తీగల ఎత్తు తగ్గించి, సన్నని తీగలు వేయిస్తే ఖర్చు కొన్ని వందలు. గిటార్ కొనడానికి వేలు పోసిన తల్లిదండ్రులు ఈ కొన్ని వందలు పెట్టక, పిల్లవాడికి పట్టుదల లేదని తీర్పు చెప్పడం అన్యాయం.

ఫోన్‌లో రికార్డు చేసి నెట్‌లో పెడితే సరిపోదా అని యువకులు అడుగుతారు. రికార్డు చేయడం మంచిదే. తన తాళం ఎక్కడ జారుతున్నదో వాయించేటప్పుడు తెలియదు, విన్నప్పుడే తెలుస్తుంది. కానీ తొలి పాటను పరాయివాళ్ళ ముందుకు విసరడం నాకు సమ్మతం కాదు. అక్కడ ముప్ఫైసార్లు తీసి నచ్చినదే పెట్టవచ్చు, అంటే ఆగడానికి మళ్ళీ వెసులుబాటు దొరికినట్టే. ముక్కూమొహం తెలియనివాడి ఒక్క వెక్కిరింత చిన్నపిల్లను నెలల తరబడి గిటార్ ముట్టనివ్వదు. సంగీత సంస్థలు పెట్టే గ్రేడ్ పరీక్షలూ ఈ లోటు తీర్చవు. పరీక్షకుడు మార్కులు వేయడానికి వస్తాడు, పాట కోసం రాడు. ఇరుకు క్వార్టర్లలో, అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనే మాటకు నా జవాబు సూటిగా ఉంటుంది. పక్కింటివాళ్ళు గోడ వెనక నుంచి సగం సగం పల్లవి నెల రోజులుగా వింటూనే ఉన్నారు. ఒకరోజు పిలిచి, టీ ఇచ్చి, మొత్తం పాట వినిపించండి. ఆ తర్వాత వాళ్ళే ‘ఏమ్మా, కొత్త పాట ఏదీ?’ అని అడుగుతారు.

పిల్లల్లో నిలకడ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా పరిశోధకుడు గ్యారీ మెక్‌ఫెర్సన్ పని కొంత వెలుగునిస్తుంది. వాద్యం మొదలుపెట్టకముందే పిల్లలను ఎంతకాలం వాయిస్తావని అడిగి, తర్వాత వాళ్ళ ప్రగతిని గమనించాడు. చాలాకాలం వాయిస్తామని అనుకున్న పిల్లలు, అలా అనుకోకుండా ఎక్కువ సాధన చేసినవాళ్ళ కంటే తక్కువ సాధనతోనే ముందుకు పోయారు. తనను తాను వాయించేవాడిగా ఊహించుకోవడం సాధన ఫలాన్నే మార్చేస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ఊహ పిల్లవాడిలో తనంతట తాను పుట్టదు. ‘మావాడు గిటార్ వాయిస్తాడు’ అని ఇంట్లో ఎవరో అనాలి. అలా అనాలంటే వాళ్ళు ఒక్కసారైనా విని ఉండాలి.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం: గిటార్ కొన్న రోజునే, రెండున్నర నెలల తర్వాతి ఒక సాయంత్రాన్ని గుర్తుపెట్టుకోండి, ఆ రోజు ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి, మధ్యలో తప్పులు దిద్దకండి. గురువులకు: నెలకొక క్లాసును పాఠం చెప్పకుండా, శిష్యులంతా ఒకరి పాట ఒకరు వినడానికి వదిలిపెట్టండి. లిలువా, ఖరగ్‌పూర్ మొదలు బెంగళూరు, డల్లాస్ దాకా ఉన్న తెలుగు సంఘాలకు: వచ్చే ఉగాది కార్యక్రమ పత్రంలో అరగంట తొలి పాటల కోసం రాయండి. పోటీ వద్దు, బహుమతులు వద్దు, న్యాయనిర్ణేతలు అసలే వద్దు. అరడజను పిల్లలు, రెండేసి కార్డుల పాటలు, ముందు వరుసలో సంఘం పెద్దలు ఉంటే చాలు.